పెళ్ళికి పూడ్చిన కాలవ

ఎతేరి నీళ్ళు ఊడుస్తోంది. ఎవరైనా ఇల్లు ఊడుస్తారు, వాకిలి ఊడుస్తారు, రాలిన ఆకులు ఊడుస్తారు. ఎతేరి మాత్రం ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ వంటింటి ముందు నిలిచిన వాననీళ్ళు ఊడుస్తూనే ఉంది. రబ్బరు బూట్లు వేసుకుని, గట్టి చీపురు పట్టుకుని, నీళ్ళను గడప దగ్గర్నుంచి కోళ్ళగూడు వైపుకు నెడుతుంది. నీళ్ళు మర్యాదగా అక్కడిదాకా వెళ్ళి, కాసేపు ఆగి, ఆమె వీపు తిప్పగానే మళ్ళీ గడప దగ్గరికి వచ్చేస్తాయి. అత్తగారు నుత్సా పైన వెనకగది కిటికీలోంచి చూసి, "ఎక్కడికి పంపుతున్నావే వాటిని? వాటికి వెళ్ళే చోటేదీ?" అని ఒకసారి నవ్వింది. ఎగతాళికే అంది. కానీ ఆ ఇంట్లో నీళ్ళ గురించి ఎవరైనా అడిగిన సరైన ప్రశ్న అదొక్కటే.

ఆ ఊళ్ళో వాన ఒక కాలం కాదు, చుట్టం. వస్తానని చెప్పదు, వచ్చాక వెళ్తాననదు. నల్లసముద్రం మీదనుంచి మబ్బు లేచి కొండలకు తగిలి వెనక్కి తిరిగితే, కింద సమెగ్రెలో అనే ఆ ప్రాంతపు పల్లపు నేలంతా తడిసి ముద్దవుతుంది. అందుకే అక్కడి ఇళ్ళన్నీ మనిషెత్తు స్తంభాల మీద నిలబడి ఉంటాయి. కట్టినవాళ్ళు తెలివైనవాళ్ళు, పడుకునే చోటుని పైకెత్తారు. వండే చోటుని మాత్రం విడిగా, వెనకపక్క, నేలమీదే వదిలేశారు. ఇంటి ముందు పచ్చటి గడ్డి పరిచిన పెద్ద ముంగిలి. ఒక ఇంటి పరువెంతో అక్కడ ఆ ముంగిలిని చూసి చెప్తారు. పెళ్ళికి గానీ, చావుకి గానీ, బాప్తిస్మానికి గానీ టార్పాలిన్ పందిరి వేసేది అక్కడే. బల్లలు పరిచేదీ, మగవాళ్ళు కూర్చుని వైన్ గ్లాసులెత్తి మాట్లాడేదీ అక్కడే. వెనక పెరట్లో ఏముందో చుట్టాలకెవరికీ తెలియదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

ఒకప్పుడు ఆ పెరట్లో నీళ్ళు నిలిచేవి కావు. నేల వెనకనుంచి రోడ్డు వైపుకి వాలుగా ఉంటుంది. వంటింటి పక్కనుంచి ఒక కాలవ బయల్దేరి, ఇంటి పక్కగా వచ్చి, ముంగిలిని అడ్డంగా కోసుకుంటూ పోయి రోడ్డు పక్క పెద్ద కాలవలో కలిసేది. వాన ఎంత కొట్టినా గంటలో పెరడు ఆరిపోయేదట. ఎతేరి ఆ కాలవని చూడలేదు. ఆమె పెళ్ళికే దాన్ని పూడ్చేశారు. మామగారు వర్లామ్‌కి ఒకటే పట్టుదల, కొడుకు పెళ్ళి బల్ల ఒక కొసనుంచి ఇంకో కొసకి ఎక్కడా తెగకుండా ఒకే వరసలో ఉండాలని. అడ్డంగా కాలవ ఉంటే బల్ల రెండు ముక్కలవుతుంది. "బల్ల తెగితే వంశం తెగినట్టే," అని రెండు ట్రాక్టర్ల మట్టి తెప్పించి పూడ్పించాడు. అంత పొడుగు బల్ల ఆ చుట్టుపక్కల ఎవరూ వెయ్యలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎతేరి పెళ్ళికూతురి బట్టల్లో ఆ బల్ల మొదట్లో కూర్చుని, ఇంతమంది నాకోసమే వచ్చారా అని మురిసిపోయింది కూడా. మర్నాడు పొద్దున వంటింట్లోకి అడుగుపెట్టబోతే కాలు చల్లగా తగిలింది. వానొచ్చింది కదా అనుకుంది.

తర్వాత తర్వాత సంగతి అర్థమైంది. నీళ్ళు నిలుస్తున్నాయని మామగారితో చెప్తే ఆయన నొచ్చుకున్నాడు. "నీ పెళ్ళికోసమే కదమ్మా పూడ్చింది," అన్నాడు. అక్కడితో ఎతేరి నోరు మూతపడింది. తన పెళ్ళికోసం చేసిన పనిమీద తనే ఫిర్యాదు చెయ్యడం ఏం బాగుంటుంది? మొగుడు ముర్మాన్‌తో చెప్తే, "వానలు పడేచోట తడి ఉండదా ఏమిటే?" అన్నాడు. ముర్మాన్ చెడ్డవాడు కాదు. తాగొచ్చి కొట్టలేదు, జీతం దాచుకోలేదు. పొద్దున ముందు మెట్లమీంచి దిగి, ముంగిలి దాటి, పట్నం వెళ్ళే వ్యానెక్కి వెళ్ళిపోతాడు. సాయంత్రం అదే ముంగిలి దాటి, అవే మెట్లెక్కి వస్తాడు. టీ పైకి వెళ్తుంది, భోజనం పైకి వెళ్తుంది, ఎంగిలి పళ్ళేలు కిందికి వస్తాయి. వంటింటికీ పై గదికీ మధ్య ఉన్న ఆ నీళ్ళని రోజుకి ఎన్నిసార్లు దాటుతుందో ఎతేరి ఎప్పుడూ లెక్కపెట్టలేదు. లెక్కపెడితే కోపమొస్తుందని భయం.

కూతురి బాప్తిస్మానికి ముందు కాలవ మాట ఎత్తితే, "బాప్తిస్మం కానీ, తర్వాత చూద్దాం," అన్నాడు ముర్మాన్. చిన్న మరిది పెళ్ళికి, "పెళ్ళి కానీ." ప్రతి శుభకార్యానికి ముందు మాత్రం ఓ ట్రాక్టర్ మట్టి వచ్చి ముంగిట్లో పడేది. కుర్చీలు కుంగకూడదు, ఆడవాళ్ళ ఎత్తుమడమల చెప్పులు దిగబడకూడదు, గడ్డి పచ్చగా కనిపించాలి. ఇలా ఒక్కో శుభకార్యానికి ముంగిలి బెత్తెడు చొప్పున పెరుగుతూ పోయింది. పెరడు ఉన్నచోటే ఉంది. ముంగిలి పెరిగినకొద్దీ పెరట్లో నీళ్ళు పెరిగాయి. ఇందులో అర్థంకానిదేమీ లేదు. ఎతేరి పనిచేసే శిశువిహార్‌లో నాలుగేళ్ళ పిల్లలు ఇసుకలో ఆడుకుంటూ కూడా ఇది కనిపెడతారు.

ఆ శిశువిహార్‌కి ఆమె బూట్లతో వెళ్ళి, సంచిలోంచి మంచి చెప్పులు తీసి మార్చుకుంటుంది. ఒకరోజు పెద్ద పంతులమ్మ పిలిచి, మెల్లిగా, ఎవరూ వినకుండా, "ఎతేరీ, ఏమీ అనుకోకు, నీ దగ్గర బూజు వాసన వస్తోందని ఒకరిద్దరు తల్లులు అన్నారు. బట్టలు ఎండలో ఆరేసుకోవా?" అంది. ఎండ ఎక్కడిదని ఎతేరి అడగలేదు. అలాగేనండీ అంది. ఆరోజు పిల్లల్ని ఒళ్ళోకి తీసుకోకుండా, దూరంగా కూర్చోబెట్టి కథ చెప్పింది. అవమానమనిపించింది. ఆ వాసన తనది కాదు, వంటింటి గోడలది. కానీ గోడలు శిశువిహార్‌కి రావు కదా. కాలివేళ్ళ మధ్య చర్మం తెల్లగా నాని, చీలి, మంట పెడుతుంటే పట్నంలో డాక్టరమ్మకి చూపించింది. ఆవిడ మందు రాసిచ్చి, "ముఖ్యంగా కాళ్ళు పొడిగా ఉంచుకోవాలి," అంది. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే అత్తగారు, "నేనూ ఆ వంటింట్లోనే వండాను నలభయ్యేళ్ళు. నా కాళ్ళేమైనా ఊడిపోయాయా?" అంది. అత్తగారు వండిన రోజుల్లో కాలవ ఉంది. ఆ మాట ఎతేరి పైకి అనలేదు. అనకపోవడం కూడా ఆమెకి అలవాటైన ఇంటిపనుల్లో ఒకటి.

పోయిన ఏడాది శరత్కాలంలో వర్లామ్ పోయాడు. ఆయన్ని సాగనంపిన రోజున ఆకాశానికి చిల్లు పడింది. ఊరి ఆచారం ప్రకారం ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా వంటకి వచ్చారు. పెరట్లో వాళ్ళ నెత్తిమీద కూడా ఒక టార్పాలిన్ కట్టారు. వాళ్ళకోసం కాదు, పొయ్యి ఆరిపోకుండా. ఇటుకల మీద ఇటుకలు పేర్చి పొయ్యి నీళ్ళకి పైన నిలబెట్టారు, ఆడవాళ్ళు మాత్రం పిక్కల్లోతు నీళ్ళలో నిలబడి పొద్దుటినుంచి సాయంత్రం దాకా గుండిగల్లో మాంసం ఉడకబెట్టారు, అక్రోటు పప్పు నూరారు, ఘోమి అనే మొక్కజొన్న సంకటి తెడ్లతో గెలికారు. పక్కింటి లామారా ఆ వయసులో చంకలో గుండిగ పెట్టుకుని జారి కూర్చుండిపోయింది. కూర్చున్నది నీళ్ళలో కాబట్టి దెబ్బ తగల్లేదని అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ముంగిట్లో పందిరి కింద చుట్టాలు పొడిగా కూర్చుని, వేడివేడిగా తిని, చచ్చిపోయినాయన మంచితనం చెప్పుకుని వెళ్ళారు. ఆడవాళ్ళు తినేసరికి సంకటి గడ్డకట్టి, కత్తితో కోస్తే గానీ రాలేదు.

అంతా వెళ్ళాక ఎతేరి మంచం మీద కూర్చుని కాళ్ళు తుడుచుకుంటూ ఉంది. ముర్మాన్ గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుని అన్నాడు. "నాన్న అదృష్టవంతుడే ఎతేరీ. అంత వానలోనూ ఒక్కరి కాలికి తడి అంటలేదు."

అతను ఏడుస్తూ అన్నాడు ఆ మాట. తండ్రి పోయినవాడు. ఎతేరి తుడుచుకుంటున్న గుడ్డ అలాగే పట్టుకుని అతనివైపు చూసింది. గదిలో దీపం వెలుగుతూనే ఉంది, ఆమె కాళ్ళు అతనికి మూరెడు దూరంలోనే ఉన్నాయి. ఆమెకి ఆ క్షణంలో కోపం రాలేదు. ఏదో చాలా దూరంనుంచి చూస్తున్నట్టు, ఎవరో పరాయి ఇంట్లో ఎవరో ఇద్దరు కూర్చున్నట్టు అనిపించింది. ఆ దూరం ఆ తర్వాత పోలేదు. వండింది, వడ్డించింది, మాట్లాడింది, నవ్వింది కూడా. కానీ అన్నీ అంత దూరంనుంచే.

ఇప్పుడు వర్లామ్ సంవత్సరీకం. వారం ముందునుంచే ముర్మాన్ మట్టికి చెప్పిపెట్టాడు. ఎతేరి ఈసారి టీ ఇవ్వడానికి పైకి వెళ్ళినప్పుడు కప్పు కింద పెట్టి, వెళ్ళిపోకుండా, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఈసారి మట్టి వద్దు. కాలవ తవ్వించు," అంది.

"ముంగిలి మధ్యలోనా?"

"ఇదివరకు ఉన్నచోటే."

"నాన్న పూడ్చిన కాలవని నాన్న సంవత్సరీకానికే తవ్వమంటావా? నలుగురూ ఏమనుకుంటారే?"

"ఇంకో ట్రాక్టర్ పడిందంటే నీళ్ళు గడప దాటి వంటింట్లోకి వస్తాయి ముర్మాన్. పొయ్యి మునుగుతుంది. నేను ఎక్కడ వండను?"

ముర్మాన్ నిమ్మకు నీరెత్తినట్టు టీ తాగాడు. "సంవత్సరీకం కానీ. తర్వాత చూద్దాం," అన్నాడు. ఎతేరి లేచి కుర్చీ మళ్ళీ దాని చోట పెట్టి కిందికి వచ్చేసింది. మర్నాడు ట్రాక్టర్ వచ్చింది. మట్టి చదునుగా పరిచారు, దానిమీద తెచ్చిన గడ్డి పలకలు అతికించారు. ముంగిలి కొత్త తివాచీలా ఉందని దారినపోయేవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం కొట్టిన వానకి నీళ్ళు వంటింటి గడప దాటి, లోపలికొచ్చి, పొయ్యి కాళ్ళ చుట్టూ తిరిగాయి.

సంవత్సరీకం రోజు పొద్దున్నే మగవాళ్ళు పందిరి వేశారు, బల్లలు పరిచారు, పెరట్లో వంట మీద ఎప్పట్లాగే టార్పాలిన్ కట్టారు. తర్వాత అందరూ కార్లెక్కి శ్మశానానికి బయల్దేరారు. అక్కడ సమాధి మీద వైన్ పోసి, పాదిరి ప్రార్థన చదివాక ఇంటికొచ్చి భోజనానికి కూర్చోవాలి. నుత్సా కూడా నల్లబట్టల్లో వాళ్ళతో వెళ్ళింది. ఇంట్లో వంట ఆడవాళ్ళు మిగిలారు. వాన సన్నగా పడుతోంది. నీళ్ళు మోకాళ్ళకి కాస్త కిందిదాకా ఉన్నాయి. లామారా నీళ్ళలోకి దిగబోతూ, "దేవుడా, ఈసారి ఈత రావాలి కామోసు," అంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఎతేరి దిగలేదు. గట్టుమీద నిలబడి కాసేపు పెరటివైపు చూసింది, తర్వాత ఇంటి కింద స్తంభాల మధ్యనుంచి కనిపిస్తున్న ముంగిలివైపు చూసింది. అక్కడ పందిరి కింద నేల పొడిగా ఉంది. బల్లలు వట్టి చెక్కలు, కాళ్ళ మీద పెట్టినవి. నలుగురు పట్టుకుంటే లేస్తాయి.

"పొయ్యి ముందుకి తీసుకెళ్దాం వదినా," అంది లామారాతో. "బల్లలు ఇక్కడ వేద్దాం."

లామారా ముందు అర్థంకానట్టు చూసింది. ఆ గడ్డిమీదా నిప్పు పెట్టేది అని ఒకావిడ గొణిగింది. మీ ఆయన ఊరుకుంటాడా అని ఇంకొకావిడ అడిగింది. ఎతేరి బతిమాలలేదు. రెండు ఇటుకలు చంకనపెట్టుకుని ఇంటి కిందనుంచి నడిచి ముంగిట్లోకి వెళ్ళి, కొత్త గడ్డి నడిమధ్యన పెట్టింది. మళ్ళీ వచ్చి ఇంకో రెండు తీసుకుంది. మూడోసారి వచ్చేసరికి లామారా గుండిగకి ఒకపక్క చెయ్యి వేసి, "ఒక్కదానివే మోస్తావా, పట్టండే," అని మిగతావాళ్ళని కసిరింది. బల్లలు వెనక్కి వెళ్ళాయి, బెంచీలు వెళ్ళాయి. తెల్లటి గుడ్డలు పరిచి, గ్లాసులు పెట్టి, రొట్టెలూ జున్నూ సర్దారు. ఒక్క విషయంలో కూడా మర్యాద తప్పలేదు. మంట చుట్టూ గడ్డి నల్లగా కమిలిపోతూ ఉంటే ఎతేరి చూసింది. ఆమెకి జాలి వెయ్యలేదు.

కార్లు వచ్చాయి. ముర్మాన్ గేటు తీసుకుని లోపలికొచ్చి, పొగని చూసి ఆగిపోయాడు. దగ్గరికొచ్చి చాలా తక్కువ గొంతుతో, "ఏమిటే ఇది? బల్లలేవీ?" అన్నాడు.

"వెనక వేశాం. పైన టార్పాలిన్ ఉంది, వాన పడదు."

అతని మొహం ఎర్రబడింది. కానీ అతని వెనక పాదిరి ఉన్నాడు, ఊరి పెద్దలున్నారు. అన్నిటికంటే ముఖ్యంగా వర్లామ్ అన్నగారు ఓతియా ఉన్నాడు. ఆరోజు విందు పెద్ద ఆయనే, గ్లాసు ఎత్తి చచ్చిపోయినవాళ్ళ పేరు పలకాల్సింది ఆయనే. చచ్చిపోయినవాళ్ళ భోజనం దగ్గర గొంతు పెంచకూడదు. తినకుండా వెళ్ళిపోతే పోయినవాళ్ళని అవమానించినట్టు. ఈ రెండూ అక్కడ పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతులు. ఓతియా ఎతేరివైపు ఒకసారి చూసి, కర్ర ఊతంగా ఇల్లు చుట్టి వెనక్కి నడిచాడు. పెద్దాయన నడిచాక మిగతావాళ్ళు నడవక తప్పదు. నుత్సా ఇంటి మూల దగ్గర నిలబడి పెరటివైపు చూసింది. అక్కడ బల్ల మొదట్లో ఆమె కుర్చీ ఉంది, కుర్చీ కాళ్ళు నీళ్ళలో ఉన్నాయి. ఆమె చాలాసేపు చూసి, వెనక్కి తిరిగి, ముంగిట్లో పొయ్యి దగ్గరికొచ్చింది. "సంకటి వేడిగా ఉన్నట్టుంది. నాకూ ఇంత పెట్టండే," అని ఆడవాళ్ళ మధ్య కూర్చుంది.

వడ్డన అయింది. ఎతేరి వచ్చి పళ్ళెం తీసుకుని గడ్డిమీద కూర్చుంది. అక్కడినుంచి ఇంటి కిందుగా చూస్తే వెనక కూర్చున్న మగవాళ్ళ మొహాలు కనిపించవు, కాళ్ళు మాత్రం కనిపిస్తాయి. వరసగా నల్లప్యాంట్లు, నీళ్ళలో ముంచిన బూట్లు. ఓతియా గ్లాసు ఎత్తినప్పుడల్లా ఆ కాళ్ళన్నీ ఒకేసారి లేచి నిలబడుతున్నాయి, నీళ్ళు కదులుతున్నాయి, మళ్ళీ కూర్చుంటున్నాయి. చచ్చిపోయినవాళ్ళ పేరున తాగేటప్పుడు కూర్చుని తాగకూడదు. దేవుడి పేర, వర్లామ్ పేర, వర్లామ్ కంటే ముందు పోయినవాళ్ళందరి పేర లేచారు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దంగా విందు జరగడం ఎతేరి ఎప్పుడూ చూడలేదు. ఆమె సంకటిలో జున్నుముక్క గుచ్చి, అది కరిగి సాగేదాకా ఆగి తింది. తను గెలిచినట్టేమీ అనిపించలేదు. సాయంత్రం ఇదంతా మళ్ళీ వెనక్కి మోసి, ముర్మాన్ మాటలు పడి, గడ్డి పాడుచేసినందుకు నాలుగు నెలలు వినాల్సొస్తుందని అనుకుంటూ తింటోంది.

అప్పుడు వెనకనుంచి ఓతియా గొంతు వినిపించింది. గ్లాసు కింద పెట్టిన చప్పుడు, తర్వాత మామూలుగా, మందలింపు కూడా లేకుండా, "ఒరే ముర్మాన్, మీ పెరట్లో ఈ నీళ్ళు ఎప్పట్నుంచి నిలుస్తున్నాయిరా?" అన్నాడు.

ఎతేరి నమలడం ఆపింది. లామారా కూడా ఆపింది. ఇంటి కిందనుంచి ముర్మాన్ కాళ్ళు కనిపిస్తున్నాయి, కదలడం లేదు.

"తెలియదు పెదనాన్నా," అన్నాడు ముర్మాన్.

ఎతేరి ఆ గొంతుని జాగ్రత్తగా విన్నది. ఇన్నేళ్ళ కాపురంలో అతను అబద్ధమాడేటప్పుడు గొంతు ఎలా ఉంటుందో, సిగ్గుపడినప్పుడు ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. ఇది ఆ రెండూ కాదు. పెళ్ళైన నెలలో చెప్పింది, బాప్తిస్మానికి చెప్పింది, మరిది పెళ్ళికి చెప్పింది, పోయిన వారం ఎదురుగా కుర్చీ వేసుకుని చెప్పింది. అతనికి నిజంగానే తెలియదు. సాయంత్రం అతను చేసే గొడవకి ఏమని సమాధానం చెప్పాలా అని అప్పటిదాకా ఆమె మనసులో మాటలు కూడబెట్టుకుంటూ ఉంది. అవన్నీ అక్కడే వదిలేసింది. వాటితో ఇంక పని లేదు.

"గుండిగలు ఖాళీ అయ్యాక వెనక పెట్టించెయ్యమంటావా?" అని లామారా మెల్లిగా అడిగింది. "ఇటుకలు కూడా?"

"ఇటుకలు ఇక్కడే ఉండనీ వదినా," అంది ఎతేరి. "రేపు పొద్దున టీ కూడా నేను ఇక్కడే కాస్తాను."